ఉదయం గడికి రాత్రి పేరు

ఆ ఏడాది వానలు ఆలస్యంగా మొదలయ్యాయి. మొదలయ్యాక మరి ఆగలేదు. ఏలూరు పవర్‌పేటలో ఒక బట్టల కొట్టు పైన ఉండేది మా ఆఫీసు. కిటికీల్లోంచి జల్లు కొడుతుంటే కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ షీట్లు కప్పి పనిచేసేవాళ్లం. రెండు వేల ఎనిమిదో సంవత్సరం అది. అమెరికాలో బ్యాంకులు కూలిపోతున్నాయని టీవీలో చెబుతున్నారు. హైదరాబాదులో ఉద్యోగాలు పోయిన పిల్లలు బ్యాగులు తగిలించుకుని ఒక్కొక్కరే ఇళ్లకు వచ్చేస్తున్నారు. మా ఓనరు సుబ్బరాజుగారు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి అందరినీ పేరుపేరునా పలకరించేవారు. ఆయన పలకరించడం మానేసిన రోజున మన పని అయిపోయినట్టే అని మాలో మేం అనుకునేవాళ్లం.

నేనూ, మావారు అబ్రహామూ ఇద్దరం అక్కడే పనిచేసేవాళ్లం. ఆయన వెబ్‌సైటుకు పేజీలు తయారుచేసేవారు. అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. బ్రిటన్‌లో ఒక ఆసుపత్రి కోసం ఆ సైటు చేస్తున్నాం. అక్కడి నర్సు ఒక్కో షుగర్ రోగికి ఉదయం ఎన్ని యూనిట్ల ఇన్సులిన్, రాత్రి ఎన్ని యూనిట్లు అన్నది అందులో పెడుతుంది. రోగి ఇంట్లో కూర్చుని ఆ పేజీ తెరిచి, ఆ లెక్కన ఇంజెక్షన్ చేసుకుంటాడు. షుగరు ముదిరితే చూపు పోతుంది కదా, వాళ్లలో చాలామందికి కళ్లు కనిపించవు. అలాంటివాళ్ల కంప్యూటర్లు తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తాయి. చూపు లేనివాళ్లకు కూడా ప్రతి పేజీ అందాలన్నది ఒప్పందంలో మొట్టమొదటి షరతు.

నేను రాసిన టెస్టులు నాలుగు వందల దాకా ఉండేవి. ఒకసారి మొదలుపెడితే ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే నడుస్తాయి. ఎవరో కనిపించని మనిషి కుర్చీలో కూర్చున్నట్టు పేజీలు తెరుచుకుంటాయి, గడుల్లో అంకెలు పడతాయి, పేజీలు మూసుకుంటాయి. వాటి వెంటే ఇంకో చిన్న ప్రోగ్రాం వెళుతుంది. టెస్టు ఏ పేజీలో అడుగుపెడితే ఆ పేజీని తనిఖీ చేస్తుంది. బొమ్మకు మాటల్లో వివరం ఉందా, ప్రతి గడికీ దాని పేరు అతికి ఉందా, చూపు లేని మనిషి ఇక్కడ ఎక్కడైనా తడబడతాడా అని చూస్తుంది. దొరికిన తప్పులన్నీ పోగుచేసి చివర్లో ఒక రిపోర్టు ఇస్తుంది.

జులైలో ఆ రిపోర్టు తెరవాలంటే భయం వేసేది, అన్ని తప్పులు ఉండేవి. ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాం. ఆగస్టు చివరికి ఒక్కటే మిగిలింది. ‘ఒకే గుర్తుతో రెండు గడులు.’ ఏ పేరు ఏ గడిదో కంప్యూటరు పోల్చుకునేది ఆ గుర్తుతోనే. డోసుల పేజీలో ఉందని చెప్పింది గానీ, ఏ టెస్టు నడుస్తున్నప్పుడు కనబడిందో చెప్పలేదు. ఆ పేజీని నేనే తెరిచి చూశాను. ఉదయం గడి ఒకటి, రాత్రి గడి ఒకటి, దేని గుర్తు దానికే ఉంది. తప్పేమీ లేదు. మళ్లీ టెస్టులన్నీ నడిపితే మళ్లీ అదే తప్పు.

డోసుల పేజీ తయారుచేసింది మావారే.

"నువ్వే కదా తెరిచి చూశావు. ఉందా తప్పు?" అన్నారు.

"లేదండీ."

"మరి?"

"మరి రిపోర్టులో రోజూ ఎందుకొస్తోంది?"

"అదీ మనలాంటోళ్లు రాసిన ప్రోగ్రామే ఏంజెల్. దానికి మాత్రం పొరపాటు రాదా?"

సుబ్బరాజుగారు ఇంకా మెత్తగా చెప్పారు. "ఒక్కటే కదమ్మా. ఆ ఒక్క పేజీని తనిఖీలోంచి తప్పించేయండి. నెలాఖరుకి శుభ్రమైన రిపోర్టు పంపాలి. అవతలివాళ్లు కూడా ఖర్చు తగ్గించుకోడానికి సాకు వెతుకుతున్నారు. మనమే చేతికిస్తే ఎలాగండి?" సైటును జులై నుంచే కొద్దిమంది రోగులకు ఇచ్చి చూస్తున్నారు. అక్కడి నుంచి ఇంతవరకూ ఏ ఫిర్యాదూ రాలేదు.

"సరేనండి" అన్నాను. ఆ సాయంత్రమే తప్పించేసేదాన్ని కూడా. నేను ఫైలు తెరిచేసరికి కరెంటు పోయింది.

మర్నాడు పొద్దుటికీ కరెంటు రాలేదు. మావారు ముందే వెళ్లిపోయారు. వంట ముగించుకుని నేనూ బయల్దేరాను గానీ, వీధి చివర నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసరికి వెనక్కి తిరిగాను.

మా అత్తగారు హన్నమ్మగారు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నేను ఇంట్లోకి వచ్చేసరికి బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. ముందు పెట్టిన ఉప్మా పెట్టినట్టే ఉంది. చీర జాకెట్టు తడిసిపోయి ఒంటికి అంటుకున్నాయి. వానలో తడిశారేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే అది చెమట.

"అత్తయ్యగారూ, ఏమైందండీ?"

ఆవిడ నా వైపు తిరిగారు. "వెనక బెంచీలో ఎవరది మాట్లాడేది?" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "నిలబడు. పేరు చెప్పు."

"నేనండీ, ఏంజెల్‌ని."

"ఆ పేరుగల పిల్ల ఈ క్లాసులో లేదే" అన్నారు. అంటూనే తల ఒక పక్కకు వాలిపోయింది.

పంచదార నీళ్లు పట్టబోతే పళ్లు బిగించేశారు. గూట్లో తేనె సీసా తీసి, వేలితో చిగుళ్లకు రాశాను. సగం తేనె ఆవిడ మెడ మీద కారింది. పక్కింటివాళ్లు ఆటో పిలిచారు. నీళ్లలో ఇంజను ఆగిపోతుందని ఆటోవాడు ఎక్కడా నిలపకుండా పోనిచ్చాడు. ఆవిడ తలను నా ఒళ్లో పెట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి ఆగినట్టే అనిపించేది.

గ్లూకోజు ఎక్కించాక మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. మందు ఎక్కువై షుగరు పడిపోయిందని, ఏ సీసాలోది ఎంత తీసుకున్నారో కనుక్కోమని డాక్టరు అన్నారు. ఆవిడకు సీసాలు రెండు. పాలలా తెల్లగా ఉండేది నెమ్మదిగా పనిచేసే మందు, అది ఎక్కువ తీసుకోవాలి. నీళ్లలా ఉండేది వెంటనే పనిచేసేది, అది కొంచెమే. నీళ్లలాంటి దానికి ఎప్పుడూ ఒక రబ్బరు బ్యాండు చుట్టి ఉంచేవారు. అలవాటేమో అనుకునేదాన్ని.

"ఫ్రిజ్ ఆగిపోయింది కదమ్మాయ్" అన్నారు ఆవిడ నీరసంగా. "సీసాలు కుండనీళ్లలో పెట్టాను. పొద్దున చూస్తే బ్యాండు ఊడిపోయి నీళ్లలో ఉంది. ఏదో ఒక సీసాకు వేశాను."

"ఏదో ఒకదానికా? ఒకటి పాలలా ఉంటుంది కదండీ."

"చీకటిగా ఉంది. కరెంటు లేదు కదా" అని గోడ వైపు తిరిగారు.

పొద్దున ఎనిమిది గంటలకు, కిటికీ పక్కన బల్ల మీద, చీకటి. 

డాక్టరు మా అత్తగారి మంచం పక్కనే నిలబడి ఆవిడతో కాకుండా, ఆఫీసు నుంచి వచ్చిన మావారితో చెప్పారు. "ఇక మీదట మందు ఆవిడ చేతికివ్వకండి. వయసయ్యాక లెక్కలు మర్చిపోతుంటారు."

"ఎందుకమ్మా మాకు చెప్పకుండా ఇదంతా?" అన్నారు మావారు. "నువ్వేమైనా చిన్నపిల్లవా?" భయపడి వచ్చిన కోపం అది.  ఆవిడను ఇంటికి తెచ్చాక ఆయన రెండు సీసాలూ ఒక డబ్బాలో పెట్టి తాళం వేశారు. పొద్దునా సాయంత్రం నేను ఇంజెక్షన్ చేసేదాన్ని. ఆవిడ చెయ్యి చాపి, మొహం పక్కకు తిప్పుకునేవారు.

ఆసుపత్రిలో ఆవిడ పక్కన కూర్చున్న ఆ సాయంత్రమే, గ్లూకోజు చుక్కలు పడుతుంటే చూస్తూ, నాకు రిపోర్టు గుర్తొచ్చింది. ఒకే గుర్తుతో రెండు గడులు. ఏదో ఒక సీసాకు వేశాను. బయట వాన పడుతోంది.  అక్కడ, ఆ దేశంలో, కరెంటు ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. కానీ ఏ గడి ఏదో చెప్పడానికి చూపు లేని ఆ మనిషికి మా పేజీ తప్ప ఇంకేమీ ఉండదు.

ఆఫీసుకు వెళ్లాక ఆ పేజీని తనిఖీలోంచి తప్పించలేదు. రెండు మూడు రోజులు గడువు కావాలని సుబ్బరాజుగారిని అడిగాను. మా ఇంటి సంగతి విని ఉన్నారు కాబట్టి కాదనలేకపోయారు.

తప్పులన్నీ ఒకే కుప్పగా పడుతుంటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అందుకని ముందు తనిఖీ ప్రోగ్రాంను మార్చాను. తప్పు దొరికిన ప్రతిసారీ, ఆ క్షణంలో ఏ టెస్టు నడుస్తోందో దాని పేరు కూడా పక్కన పడేలా చేశాను. మర్నాటి రిపోర్టులో పేరు వచ్చింది. రోగి డోసుల పేజీ తెరిచి చూసుకుని ‘చూశాను’ అని బటన్ నొక్కే టెస్టు అది. అన్నిటికంటే మామూలుది. ప్రతి రోగీ రోజూ చేసేది అదే.

ఆ టెస్టు ఒక్కదాన్నే నడిపాను. తప్పు లేదు. మళ్లీ నడిపాను. లేదు. అన్నీ కలిపి నడిపితే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి జ్వరం తగ్గిపోయినట్టుంది వ్యవహారం. అంటే, దానికంటే ముందు నడిచిన టెస్టేదో ఒకటి వెనకాల ఏదో వదిలేసి పోతోంది. ఏది? ముందున్న టెస్టుల్లో సగం తీసేసి నడిపాను. ఉంది. మిగిలినవాటిలో సగం తీసేశాను. పోయింది. తీసినవాటిని మళ్లీ పెట్టాను. వచ్చింది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతుంటే వెతికే జాగా తగ్గేకొద్దీ ఊరట కలగాలి. నాకు మాత్రం ఎవరో ఉన్న గది తలుపు దగ్గరికి వెళుతున్నట్టు ఉండేది. పక్క కుర్చీలోంచి మావారు చూస్తున్నారని తెలుసు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ పేజీ ఆయనది. దొరకాలని ఒక పక్క, దొరక్కూడదని ఒక పక్క.

చివరికి ఒకే ఒక్క టెస్టు మిగిలింది. రోగి డోసుల పేజీ తెరిచి, మధ్యలో ఆగిపోయే టెస్టు. ఇరవై నిమిషాల్లో పేజీలోని బటన్ నొక్కకపోతే, భద్రత కోసం సైటు అతన్ని బయటికి పంపేస్తుంది. మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వస్తే, ఎక్కడ ఆగాడో ఆ పేజీనే ముందు పెడుతుంది. నా టెస్టుల్లో అలా తిరిగి లోపలికి వస్తున్నది ఆ ‘చూశాను’ టెస్టు. మంచి సదుపాయమే. కానీ అలా తిరిగి పెట్టేటప్పుడు కొత్త గడులు వేస్తోంది, పాతవి తీసేయడం లేదు. పాతవి తెర వెనక దాగి ఉండిపోతున్నాయి. కళ్లతో చూసేవాళ్లకు ఏ తేడా తెలియదు. చెవితో వినేవాళ్లకు మాత్రం పేర్లు తారుమారవుతున్నాయి. రాత్రి అన్న పేరు పోయి ఉదయం గడికి అతుక్కుంటోంది.

అలా కూర్చుండిపోయాను. మేమెవ్వరం ఆ పేజీలో ఇరవై నిమిషాలు ఎందుకుంటాం? ఒక్క నిమిషంలో చూసి బయటపడతాం. అందుకే మా ఎవరి కంటా పడలేదు. ఇరవై నిమిషాలు పట్టేది ఎవరికి? ఒక్కో మాటా వింటూ, తప్పిపోతే మళ్లీ మొదటికి వెళ్లి వింటూ, వేళ్లతో తడుముకుంటూ నొక్కేవాళ్లకు. మిగతా లోకమంతటికీ బాగానే ఉండి, వాళ్లొక్కరికే అబద్ధం చెప్పే పేజీ అది.

ఆదివారం ఆరాధన అయ్యాక మావారిని ఆఫీసుకు తీసుకెళ్లాను. తాళం ఆయన దగ్గరే ఉండేది. లోపల ఇంకెవరూ లేరు. తెర చదివే ప్రోగ్రాంను ఇంటర్నెట్లోంచి తెచ్చి ముందే ఎక్కించి పెట్టాను. ఉత్తుత్తి రోగి పేరు మీద డోసులు ఆయన్నే పెట్టమన్నాను. ఉదయం ఇరవై ఎనిమిది, రాత్రి పది అని పెట్టారు. పేజీ తెరిచి, తెర ఆపేశాను.

"ఇప్పుడు ఆగుదాం" అన్నాను.

ఇరవై నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాం. కింద కొట్టు కట్టేసి ఉంది. చూరు నీళ్లు రేకుల మీద పడుతున్నాయి. సమయం దాటాక, చీకటి తెర మీదే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాను. హెడ్‌ఫోన్లు ఆయనకిచ్చాను. ఆయన గడి నుంచి గడికి వెళ్లే ట్యాబ్ మీట నొక్కుతూ విన్నారు. ఒకచోట ఆగారు. వెనక్కి వెళ్లి మళ్లీ విన్నారు. మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్లు తీసి నాకిచ్చారు. యంత్రం గొంతు ఇంగ్లీషులో, ఏ తొట్రుపాటూ లేకుండా చెబుతోంది. రాత్రి, ఇరవై ఎనిమిది.

ఇరవై ఎనిమిది యూనిట్లు వేసుకుని పడుకున్న మనిషి, మా అత్తగారిలా బల్ల ముందు కూర్చుని ఉండడు. నిద్రలో ఉంటాడు. నీళ్లకు భయపడి వెనక్కి వచ్చే కోడలు కూడా ఉండదు.

మావారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. "జులైలో ఎక్కించాం దీన్ని" అన్నారు.

సోమవారం పొద్దున సుబ్బరాజుగారి గదిలో ఇద్దరం నిలబడ్డాం. ఆయన అంతా విన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పమని విన్నారు.

"దిద్దడానికి ఎంతసేపు పడుతుందండి?"

"పెద్ద పనేం కాదండి. అరగంట" అన్నారు మావారు.

"అయితే దిద్దేయండి. ఈరోజే ఎక్కించేద్దాం. వాళ్లకి చెప్పడం దేనికి? ఎవరూ ఏమీ అనలేదు కదా."

"ఎవరూ ఏమీ అనలేదనే భయంగా ఉందండి" అన్నాను నేను.

ఆయన నా వైపు చూసి, మళ్లీ మావారి వైపు తిరిగారు. "ఇక్కడ పనిచేసేవాళ్లందరి కొంపలూ దీని మీదే నడుస్తున్నాయి అబ్రహాంగారూ. మీదీ అంతే. తప్పు మాదేనని మన నోటితో మనం చెబితే రేపు పనెవరిస్తారు చెప్పండి?" ఆయన కోప్పడటం లేదు. బతిమాలుతున్నారు. 

మావారు తల వంచుకున్నారు. "మొన్న మా అమ్మ బతికింది, సార్" అన్నారు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయారు.

 సుబ్బరాజుగారు రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు. ఆ తర్వాత బల్ల మీదున్న తన ఫోను మావారి వైపు జరిపారు.

"మీ దాంట్లోంచి ఆ దేశానికి పోదు కదా. దీంట్లోంచి చెయ్యండి" అన్నారు.

అక్కడ తెల్లారేదాకా ఆగి మావారు ఫోను చేశారు. ఆ పేజీ తయారుచేసింది తానేనని చెప్పారు. నెమ్మదిగా, తప్పుల్లేని ఇంగ్లీషులో చెప్పారు, వాళ్లమ్మ నేర్పిన ఇంగ్లీషు. అవతలి ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదట. ఎప్పటి నుంచి అని మాత్రం అడిగిందట. గంటలోపే వాళ్లు సైటు ఆపేశారు. చెవితో వినే రోగులందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

మర్నాడు కబురు వచ్చింది. అందరూ దొరికారు, అందరూ క్షేమం. ఒక్క పెద్దాయన మాత్రం ఫోను తీయడం లేదు. ఒంటరిగా ఉంటాడు. ఎవరినైనా పంపి కనుక్కుంటాం అన్నారు.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. మేము అడిగితే, చూస్తున్నాం అన్నారు. ఆఫీసులో పని ఆగిపోయింది. సుబ్బరాజుగారు వచ్చి ఎవరినీ పలకరించకుండా తన గదిలోకి వెళ్లిపోయేవారు. మావారు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవారు. ఫోను మోగితే చాలు, చేతిలో ఉన్నది వదిలేసేవారు. కుటుంబ ప్రార్థనలో ఆయన వంతు వచ్చినప్పుడు ఏమీ అనేవారు కాదు. మేము కళ్లు మూసుకుని ఎదురుచూసి, తర్వాత నేను అందుకునేదాన్ని.

"వాడికేమైంది?" అని అత్తగారు నన్నడిగారు ఒకనాడు, ఇంజెక్షన్ చేస్తుంటే.

చెప్పాను. పేజీ సంగతి, ఇరవై నిమిషాల సంగతి, పెద్దాయన సంగతి, అంతా. ఆవిడ మొదటిసారి మొహం పక్కకు తిప్పుకోకుండా విన్నారు.

"ఒక్కడే ఉంటాడా?"

"అంటండీ."

ఆవిడ జాకెట్టు చెయ్యి సర్దుకున్నారు. "నన్ను కృపమ్మ దగ్గరికి తీసుకెళ్లండి. వాడికీ కాస్త గాలి మారుతుంది" అన్నారు.

కృపమ్మగారు ఆవిడ చెల్లెలు. కొల్లేటి లంకలో ఉంటారు. పెదపాడు దాటాక ఆటో దిగాం. అక్కడి నుంచి రోడ్డు నీళ్లలో ఉంది. దోనె మీద వెళ్లాం. ఎక్కడ చూసినా ఒకటే నీళ్లు, చేపల చెరువుల గట్లు మాత్రం అక్కడక్కడ పైకి తేలి ఉన్నాయి. గుర్రపుడెక్క పక్కకు తోసుకుంటూ దోనె పోతుంటే మావారు ఫోను పైకెత్తి పట్టుకుని చూస్తున్నారు. సిగ్నల్ ఒక్కో గీతా తగ్గి పూర్తిగా పోయింది.

"ఇక్కడ ఫోన్లు పనిచేయవు నాన్నా" అన్నారు కృపమ్మగారు కాళ్లకు నీళ్లిస్తూ. "చెరువు గట్టెక్కితే వస్తుందంటారు మా వాళ్లు."

ఆయన కాఫీ కూడా తాగకుండా గట్టు మీదికి వెళ్లారు. వచ్చారు. భోజనం చేసి మళ్లీ వెళ్లారు. అలా సాయంత్రం దాకా తిరుగుతూనే ఉన్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని చిన్నప్పటి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను అక్కడే చేపలు కడుగుతూ గట్టు వైపు చూస్తున్నాను. ఎండ పసుపు పచ్చగా ఉంది, చాలా రోజుల తర్వాత వాన తెరిపిచ్చింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం కనిపించింది. అటూ ఇటూ నడుస్తున్నవారు నిలబడిపోయారు. ఎంతోసేపు కదల్లేదు. తర్వాత ఫోను దించి, ఆ తడి గట్టు మీదే కూలబడ్డారు.

నేను చేతులు కడుక్కోకుండానే లేచాను. గట్టు జారుడుగా ఉంది. పరిగెత్తితే నీళ్లలో పడతాను, నడిస్తే ఆయన దగ్గరికి ఎప్పటికీ చేరనేమో అనిపిస్తోంది. ఆయన వీపే కనిపిస్తోంది నాకు. ఏడుస్తున్నారో, ఊరికే కూర్చున్నారో తెలియదు. పిలవాలంటే భయం వేసింది. తిరిగి చూస్తే ఆ మొహం ఎలా ఉంటుందో.

నా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అన్నారు. "ఉన్నాడు."

నేనూ ఆ బురదలోనే కూర్చున్నాను.

పెద్దాయన ఆగస్టు నెలలోనే ఒకనాటి పొద్దున స్పృహ లేకుండా పక్కింటివాళ్లకు దొరికాడట. ఇంకో ఊళ్లో ఆసుపత్రిలో చేర్చారు, అందుకే ఇంట్లో ఫోను ఎవరూ తీయలేదు. తెలివి వచ్చినప్పటి నుంచి ఆయన ఒకటే మాట. కంప్యూటరు చెప్పిందే వేసుకున్నాను, నేను తప్పు చేయలేదు అని. ఎవరూ నమ్మలేదు. ముసలాయన లెక్క తప్పాడని డాక్టర్లు రాశారు. ఇక ఒంటరిగా ఉండలేడని కూతురు ఇంటి తాళాలు తీసేసుకుంది. వృద్ధుల ఆశ్రమంలో చోటు కూడా మాట్లాడేశారు. ఆశ్రమానికి పంపే ఏర్పాట్లలో ఉండగా మా ఫోను సంగతి అక్కడికి చేరింది. ఆయన ఇంటికి వెళ్లిపోతానంటున్నాడట. పంపిస్తున్నారట.

"కాంట్రాక్టు గురించి ఏమన్నారండీ?"

"నేను అడగలేదు" అన్నారు.

అది క్రిస్మస్ లోపలే పోయింది. సగం మందిని సుబ్బరాజుగారు పంపేయాల్సి వచ్చింది, మావారు తనంతట తానే ఆ సగంలో చేరారు. కొన్నాళ్లు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పారు. నేను ఆ ఆఫీసులోనే ఉండిపోయాను. టెస్టులు నడుపుతున్నప్పుడు ఇప్పటికీ రిపోర్టు తెరిచే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం మేమిద్దరం బురద కాళ్లతో ఇంటికి వచ్చాం. కృపమ్మగారు దీపం పెట్టడానికి లోపలికి వెళ్లారు. మావారు అరుగు మీద తల్లి పక్కన కూర్చుని అంతా చెప్పారు. 

"అందరూ నీదే తప్పంటుంటే ఆయన ఏమన్నాడట?" అని ఆవిడ అడిగారు చివర్లో.

"విన్నదే చేశానన్నాడంటమ్మా. రోజూ అదే చెప్పాడంట."

ఆవిడ తల ఊపారు. చెరువుల మీద నుంచి కొంగలు గుంపుగా పోతున్నాయి. మావారు వాటి వైపు చూసి, ఆవిడ వైపు చూశారు. ఆవిడ కళ్లు కొంగల వైపు తిరగలేదు.

"అమ్మా" అన్నారు ఆయన. "నీకు ఎంతవరకు కనిపిస్తోంది?"

ఆసుపత్రిలో ఎవ్వరూ అడగని మాట అది. ఇంట్లో కూడా.  క్లాసులో పిల్లలకు ఉదాహరణ వెతికేవారేమో, అలా ఆవిడ కాసేపు ఆలోచించుకున్నారు.

"వెలుతురు తెలుస్తుంది. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. మనిషి వచ్చి నిలబడితే అడ్డంగా నల్లగా తెలుస్తుంది. ఎవరన్నది నడకను బట్టి పోల్చుకుంటాను. ఏంజెల్ మట్టెలు చప్పుడవుతాయి."

"నా ముఖం?"

"నీ ముఖం ఈస్టర్ నాడు చూసిందే, నాన్నా" అన్నారు ఆవిడ. "తెల్లచొక్కా వేసుకున్నావు."